పిట్టకూ పుట్టగొడుగుకూ ఒకే పుట్ట

మా అమ్మ నాకు మొదట నేర్పింది ఎవరినీ ఊరికే నమ్మకూడదని. మధిర రైల్వే స్టేషను పక్కన మా ఇల్లు. మంచినీళ్లు అడిగిన ప్రయాణికులకు కూడా అమ్మ గ్లాసు కిటికీలోంచే అందించేది. అది తిరిగి చేతికొచ్చేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదు. పాలు పోసిన మనిషి మలుపు తిరగ్గానే గిన్నెలో వేలు ముంచి, బొట్టును గోడ మీద జార్చి చూసేది. ఆ గుణం నాకూ అబ్బింది. టీచరు ఉద్యోగం వచ్చి, అశ్వారావుపేట దాటాక భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో నన్ను వేస్తే, పెట్టెలో బట్టలకంటే ముందు రెండు తాళాలు పెట్టుకున్నాను.

బళ్లలో మధ్యాహ్నం అన్నం వండిపెట్టడం మొదలైన కొత్త రోజులవి. ఆ ఊరికి రోజుకొక్కటే బస్సు. సెల్‌ఫోను ఉన్నవాళ్లు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిందే. అడవిలో ఎవరు తిరుగుతున్నారో ఊరికి తెలుసు, తెలుసని మాత్రం ఎవరూ ఒప్పుకోరు. పోలీసులు వచ్చి వెళ్లిన రోజున కూడా అందరూ వానల గురించే మాట్లాడేవాళ్లు. కొత్తగా వచ్చిన నన్ను ఎవరి తరఫు మనిషో అన్నట్టు చూశారు. నేనూ వాళ్లను అట్లాగే చూశాను.

బడిలో టీచర్లం ఇద్దరమే. పెద్దసారు ఖమ్మం దగ్గరి మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు, ఎవరితోనూ మాట పడకుండా రోజులు వెళ్లదీస్తే చాలనుకునేవాడు. ఇక మిగిలింది వంటామె. కోయామె, యాభై ఏళ్లుంటాయి. తెలుగు బాగానే వచ్చు గానీ అవసరం ఉంటేనే నోరు విప్పేది. నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూడకుండా నా చెప్పుల వైపు చూసేది. అట్లా చూసేవాళ్లు ఏదో దాస్తున్నారని మా అమ్మ నమ్మకం.

వేసవి సెలవులయ్యాక మండలం మీటింగులో ఒక పని చెప్పారు. ప్రతి బడి వాళ్లూ తమ ఊళ్లో కనిపించే రెండు జీవులను తీసుకొని, వానాకాలమంతా గమనించి, ఒకదానితో ఒకటి పోల్చి రాసి తేవాలి. ఆ రెండూ ఒకదానికొకటి ఏ పోలికా లేనివిగా ఉండాలి. పెద్దసారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "మీరు సైన్సు చదివారు కదమ్మా" అని తప్పుకున్నాడు.

మిగతా బళ్లవాళ్లు ఆవునూ వేపచెట్టునూ రాస్తారని నాకు తెలుసు. నేను ఒక పిట్టనూ పుట్టగొడుగునూ ఎంచుకున్నాను. ఆ పిట్ట నా గది పక్కనున్న ఇప్పచెట్టు మీద రోజూ పొద్దున్నే కూసేది. నిగనిగలాడే నలుపు, తల మీద చిన్న జుట్టు, తోక చివర రెండు పొడవాటి తీగలు, ఆ తీగల కొసన ఆకుల్లాంటి ఈకలు. మా వైపు కరెంటు తీగల మీద కూర్చునే ఏట్రింత పిట్టకు అడవి చుట్టంలా ఉండేది. పిల్లలు తోకపిట్ట అనేవాళ్లు. పుట్టగొడుగులైతే వానలు పడగానే ప్రతి ఇంట్లోనూ ఉడికేవి, కానీ ఎక్కడ నుంచి తెస్తారో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. అందుకే నాకు అవి కావాలనిపించాయి.

నోటుబుక్కులో పేజీ మధ్య నిలువుగా గీత కొట్టి, ఒక వైపు పిట్ట, రెండో వైపు పుట్టగొడుగు అని రాసుకున్నాను. పిట్ట వైపు తొందరగా నిండింది. పొద్దున ఆరింటికి తోకపిట్ట పాట. ఆ వెంటనే అదే చెట్టు మీద డేగ కేక. తర్వాత చిలక. ఆరుంపావుకు మనిషి ఈల. ఆ చివరిది రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. పశువులు కాసేవాళ్లు వేసే ఈల అది, ముందు పొట్టిగా, తర్వాత పొడుగ్గా. తలుపు సందులోంచి చూస్తే చెట్టు కింద ఎవరూ లేరు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఎవడో నా గదిని కనిపెడుతున్నాడని తేల్చుకొని లోపలి నుంచి రెండో తాళం కూడా వేయడం మొదలుపెట్టాను.

పెద్దసారు ఒక రోజు ఆ నోటుబుక్కు తెరిచి చూసి మొహం మాడ్చుకున్నాడు. ఈలల పక్కన టైములు రాయవద్దన్నాడు. ఇది పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే పిట్టల లెక్క అనుకోరని, వేరే ఏదో అనుకుంటారని గొంతు తగ్గించి చెప్పాడు. పొద్దున అని రాస్తే సరిపోతుందన్నాడు. పొయ్యి దగ్గర కూర్చొని పప్పు కడుగుతున్న వంటామె ఇదంతా విన్నది. పెద్దసారు వెళ్లాక తల ఎత్తకుండానే అంది.

"ఆ ఈల మనిషిది కాదు పంతులమ్మా. డేగ కూడా లేదు. అన్ని గొంతులు ఆ తోకపిట్టయే."

నేను నమ్మలేదు. ఆ ఈల వేసేవాడెవడో ఈమెకు తెలుసని, వాణ్ణి కాపాడటానికే పిట్ట మీదకు నెడుతున్నదని అనుకున్నాను. ఆ రాత్రి ఆమె మాటను కూడా నోటుబుక్కులో రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

వారం తిరక్కుండానే ఆమె మాట నిజమని నా కళ్లే చూశాయి. ఇప్పచెట్టు కింద మట్టిరంగు పిట్టల గుంపొకటి ఆకులు తిరగేసి పురుగులు ఏరుకుంటోంది. అందులో ఒకటి లావుపాటి పురుగును పట్టింది. పైన కొమ్మ మీదున్న తోకపిట్ట నోరు తెరిచి అచ్చం డేగలా అరిచింది. కింది పిట్టలన్నీ పురుగును వదిలేసి పొదల్లో పడ్డాయి. తోకపిట్ట నింపాదిగా దిగి ఆ పురుగు తీసుకొని పైకి పోయింది. కాసేపటికి ముక్కు కొమ్మకు తుడుచుకొని పశువుల కాపరి ఈల వేసింది. నాకు నవ్వు రావాలి, రాలేదు. ఇన్ని రోజులు ఒక పిట్ట నాతో తాళాలు వేయించింది. వంటామె చెప్పింది నిజమేనని ఆమెతో చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు.

పుట్టగొడుగు వైపు పేజీ మాత్రం నిండలేదు. ఎక్కడ దొరుకుతాయని వంటామెను అడిగితే ఒకసారి వాగు అవతల అంది. ఇంకోసారి గుట్ట మీద అంది. మూడోసారి నాకేం తెలుసు అంది. మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డ సాయంత్రం ఊరంతా దీపాలు, గిన్నెలు పట్టుకొని ఉసిళ్ల కోసం బయటకు వచ్చారు. చెదపుట్టల నుంచి రెక్కల పురుగులు పొగలాగా లేస్తున్నాయి. వంటామె చేతిలో గిన్నె లేదు. తుంపరలో తడుస్తూ బడి వెనక అడవి దారిలో నిలబడి పైకి చూస్తోంది. పైన తోకపిట్టలు రెండు ఒకే చోట గిరికీలు కొడుతున్నాయి. కాసేపయ్యాక ఆమె ఒక పుట్ట దగ్గరికి పోయి దాని మొదట్లో మూడు రాళ్లు పేర్చింది. ఇంకో పుట్ట దగ్గరా అంతే చేసింది. నన్ను చూసి ఇంటి దారి పట్టింది. ఆ రాళ్లు ఎవరికి గుర్తులో, ఎవరు వచ్చి చూస్తారో అని నేను చాలా దూరం ఆలోచించాను. పెద్దసారుతో కూడా అన్నాను. ఆయన నాకు చెప్పొద్దమ్మా అని చెవులు మూసుకున్నంత పని చేశాడు.

పుష్యమి కార్తెలో రెండు రోజులు ముసురు పట్టి వదిలాక, వంటామె ఒక పొద్దున అడ్డాకుల పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లోపల పుట్టగొడుగులు, పొడుగాటి కాడలతో, మట్టి అంటుకొని ఉన్నాయి. "వండుకో" అని ఒక్క మాటే అంది. పెద్దసారు అక్కడే ఉన్నాడు, చూశాడు. నెలకు పైగా ఆచూకీ చెప్పని మనిషి అడక్కుండా ఎందుకు తెచ్చింది? రాళ్లు చూశానని నా నోరు కట్టడానికా? ఇంటికి పోయి పొట్లం పొయ్యి పక్కన పెట్టి సాయంత్రం దాకా దాని వైపు చూస్తూ కూర్చున్నాను. చీకటి పడకముందే తీసుకెళ్లి పెంటకుప్పలో పడేసి పైన బూడిద చల్లాను.

రెండు రోజుల తర్వాత బడి వెనక, పశువులను కట్టే ఖాళీ జాగాలో గడ్డి మధ్య పెద్ద పెద్ద తెల్లని గొడుగులు లేచాయి. పొట్లంలో వచ్చినవాటికీ వీటికీ నాకు తేడా కనిపించలేదు. పైగా ఇవి ఎవరి చేతి మీదుగానూ వచ్చినవి కావు, నేను చూసి నేను కోసుకున్నవి. ఆమెకు చూపిద్దామా అన్న ఆలోచన వచ్చింది. చూపిస్తే ఏదో వంక చెప్పి తనే పట్టుకుపోతుందనిపించింది. విషం ఉంటే వెండి నల్లబడుతుందని అమ్మ అనేది. నా వెండి పట్టీ ఒకటి తీసి కూరలో వేసి ఉడికించాను. పట్టీ తెల్లగా మెరుస్తూ బయటికొచ్చింది. మనుషులకంటే ఆ పట్టీ నయమనుకున్నాను. ఆదివారం బస్సు పట్టుకోలేక ఊళ్లోనే ఉండిపోయిన పెద్దసారుకు కూడా మధ్యాహ్నం గిన్నెడు కూర పంపాను. ఎక్కడివి అని ఆయన అడగలేదు.

రెండు గంటలు గడవకముందే కడుపులో మెలిక మొదలైంది. వాంతి అయ్యాక కూడా ఆగలేదు. గుమ్మం పట్టుకొని కూర్చుంటే వీధి చివర పెద్దసారు గోడ పట్టుకొని వంగి కనిపించాడు. మా ఇంటి ఓనరమ్మ కొడుకు ట్రాక్టరు తీస్తే, ఇద్దరినీ అందులో వేసి దవాఖానాకు తీసుకుపోయారు. అక్కడ డాక్టరు ఏం తిన్నారని అడిగాడు. పెద్దసారు నాకంటే ముందే జవాబు చెప్పాడు.

"మా వంటామె ఇచ్చిన పుట్టగొడుగులు సార్. మేడానికి పొట్లం కట్టి ఇచ్చింది, నేను చూసిన."

ఆ మాట నా చెవుల్లో పడింది. నాకు స్పృహ ఉంది. కాదు అని ఒక్క మాట అనడానికి ఓపిక కూడా ఉంది. సెలైన్ సూది గుచ్చిన చెయ్యి వైపు చూస్తూ ఊరుకున్నాను. పొట్లం పారేశానని చెప్పాలి, ఎందుకు పారేశానో చెప్పాలి, పట్టీ సంగతి చెప్పాలి. సైన్సు టీచరు ఈ మాటలన్నీ ఎట్లా చెబుతుందని సిగ్గుపడ్డాను. తేరుకున్నాక చెబుదాంలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మూడో రోజు పెద్దసారు బస్సెక్కి బడి ఉన్న ఊరికి తిరిగి పోయాడు. నేను ఇంకో రెండు రోజులు మండలంలో తెలిసినవాళ్లింట్లో ఉండి తిరిగి వచ్చాను. వచ్చేసరికి బడి పొయ్యి దగ్గర వేరే ఆమె కూర్చొని ఉంది. పిల్లలు కంచాలు పట్టుకొని నిలబడ్డారు గానీ సగం మంది అన్నం ముట్టకుండా ఇళ్లకు పరిగెత్తారు. వంటామెను రావద్దన్నానని, పైకి కాగితం కూడా రాశానని పెద్దసారు చెప్పాడు. ఆ సాయంత్రం ఓనరమ్మ నాకు మజ్జిగ ఇస్తూ ఇంకో సంగతి చెప్పింది. ఎన్నడో వంటామె పక్కింటి వాళ్ల దూడ చచ్చిపోయిందట. అప్పుడు ఎవరికీ తోచని మాట ఇప్పుడు తోచిందట.

"ఆమె చెయ్యి మంచిది కాదంటున్నరు మేడం. మీరు బతికిండ్రు, అదే చాలు."

మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. చెయ్యి మంచిది కాదన్న మాట ఊళ్లో పుడితే, అది చేతబడి నిందగా మారి చివరికి ఎక్కడిదాకా పోతుందో ఆ చుట్టుపక్కల ఊళ్ల కథల్లో అప్పటికే విన్నాను. అయినా ఆ సాయంత్రం నేను గడప దాటలేదు. ఎవరికి ముందు చెప్పాలి, ఎట్లా మొదలుపెట్టాలి అని ఆలోచిస్తూ కూర్చున్నాను. తెల్లారాక వంటామే నా గుమ్మం ముందు నిలబడింది. మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"నువ్వు తిన్నది ఏది పంతులమ్మా? నాకు చూపియ్యి."

బడి వెనక్కి తీసుకుపోయాను. గడ్డిలో ఇంకా నాలుగైదు మిగిలి ఉన్నాయి, అంచులు ఎండి. ఆమె వంగి ఒకటి పీకింది. పట్టుకోగానే ఊడి వచ్చింది. గొడుగు తిరగేసి చూపింది. లోపలి మడతలు ఆకుపచ్చగా మాసిపోయి ఉన్నాయి. దాన్ని పడేసి అడవి దారి పట్టింది. నేను వెనక నడిచాను. మూడు రాళ్లు పేర్చిన పుట్ట దగ్గర ఆగి కూర్చొని, పక్కన మొలిచిన ఒక గొడుగు చుట్టూ వేళ్లతో మట్టి తవ్వడం మొదలుపెట్టింది. కాడ కిందికి పోయింది, ఇంకా కిందికి పోయింది. జానెడు లోతు తవ్వినా తెగలేదు. పుట్ట లోపలికి వేరులాగా దిగిపోయింది.

అప్పుడు ఆమె చెప్పింది. ఉసిళ్లు లేచేది బతికున్న పుట్ట నుంచేనట. చచ్చిన పుట్ట పైకి అట్లాగే ఉంటుంది, మనిషికి తేడా తెలీదు. పిట్టకు తెలుస్తుంది. తోకపిట్ట ఎక్కడ గిరికీలు కొడితే అక్కడ చెదలు ఉన్నట్టు. వానలు ముదిరాక ఆ పుట్టకే ఈ గొడుగులు వస్తాయి. పిట్టకూ వీటికీ తిండి పెట్టేది ఒకే పుట్ట. అందుకని ఉసిళ్లప్పుడే రాళ్లు పెట్టుకుంటారు. ఆ పుట్టలను ఆమెకు అత్త చూపించిందట. ఇంటి కోడలికి తప్ప ఇంకెవరికీ చూపించరట.

పుట్టగొడుగు అనే మాటను నేను చిన్నప్పటి నుంచీ వేలసార్లు పలికాను, పలక మీద రాశాను, పిల్లలతో రాయించాను. అందులో పుట్ట ఉందని ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

"నేనిచ్చినవి ఏం చేసినవు?" అని అడిగింది.

పారేశానని చెప్పాను. ఆమె చేతులకున్న మట్టి దులుపుకుంది. ఆ పుట్ట వైపు చెయ్యి చూపింది.

"అవి ఈ పుట్టయే. నువ్వు ఒక్కదానివే ఉంటున్నవని తెచ్చిన" అంది. తర్వాత లేచి నిలబడి, "పెద్దసారుకు చెప్పు. ఊళ్లో చెప్పు. నేను చెబితే ఎవరు వింటరు" అంది.

ముందు పెద్దసారు దగ్గరికి పోయాను. ఆయన విని, ఇన్ని రోజులు ఎందుకు ఊరుకున్నారని నా మీద కేకలేశాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. కాసేపటికి చల్లబడి, కాగితం పైకి పోయింది కదా, ఇప్పుడు కదిలిస్తే మనిద్దరికీ చెడ్డపేరు, కొన్నాళ్లు పోనిమ్మన్నాడు. నేను నా చేతి రాతతో వేరే కాగితం రాశాను. కోసింది నేనే, వండింది నేనే, ఆమె ఇచ్చినవి నేను తినలేదు అని. సంతకం పెట్టి మండలంలో ఇచ్చి వచ్చాను. ఆ సాయంత్రం ఊరి పెద్ద ఇంటి ముందు నలుగురూ కూడితే అక్కడా అదే చెప్పాను. పట్టీ సంగతి చెప్పినప్పుడు ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఊరి పెద్ద మాత్రం నవ్వలేదు.

"సదువుకున్నదానివి. ఆమెను ఒక్క మాట అడిగితే ఏం పోయేది?" అన్నాడు.

తప్పు నాదేనని మళ్లీ అన్నాను. వంటామె జనం వెనక నిలబడి ఉంది. నేను చెప్పడం అయిపోగానే వెళ్లిపోయింది.

దసరా సెలవుల తర్వాత ఆమెను మళ్లీ వంటకు పిలిచారు. మండలంలో పిట్ట, పుట్టగొడుగుల నోటుబుక్కు చూపించాను. ఒకటి గొంతు మార్చి ఏమారుస్తుందని, రెండోదాని పోలికతో వచ్చిన ఇంకొకటి నన్ను ఏమార్చిందని, రెండూ చెదపుట్ట మీద ఆధారపడి బతుకుతాయని రాశాను. ఇది నాకు చెప్పింది మా బడి వంటామె అని కింద రాశాను. చూసిన మండలం ఆఫీసరు పిట్టను ఇంకో పిట్టతో పోలిస్తే బాగుండేదని పక్కన పెట్టాడు. తిరిగి వచ్చి ఆ మాట వంటామెతో చెబితే ఊఁ అంది.

ఆమె పనిలో చేరిన మొదటి రోజు పిల్లలంతా కంచాలతో వరుసలో కూర్చున్నారు. కొందరి తల్లులు కూడా గోడ అవతల వచ్చి నిలబడ్డారు. ఆమె గంటెడు అన్నం, మీద పప్పు తన కంచంలో వేసుకొని అందరి ముందూ నిలబడే తిన్నది. నీళ్లు తాగింది. కొంచెంసేపు ఆగి అప్పుడు వడ్డించింది. అట్లా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మర్నాడూ అంతే చేసింది. నెల గడిచింది, గోడ అవతల తల్లులు రావడం మానేశారు, పిల్లలు ఇంకా కొంచెం పెట్టమని గోల చేస్తున్నారు. ఆమె మాత్రం మానలేదు.

ఒక రోజు ఉండబట్టలేక అడిగాను. "నేను అందరి ముందూ చెప్పాను కదా పెద్దమ్మా. ఇంకా ఎందుకు?"

"నువ్వు చెప్పినవు. వాళ్లు విన్నరు" అంది. "నమ్మిండ్రో లేదో నాకెట్ల తెలుస్తది?"

నేను ఆ బడిలో ఇంకో నాలుగేళ్లు ఉన్నాను. ఆమె నాకు మళ్లీ ఎప్పుడూ పొట్లం తేలేదు, నేనూ అడగలేదు. రోజూ మధ్యాహ్నం గంట కొట్టాక ఆమె నిలబడి మొదటి ముద్ద తినేది. మొదట్లో నేను క్లాసులోంచి చూస్తూ ఉండేదాన్ని. తర్వాత నా కంచం పట్టుకొని పోయి ఆమె పక్కన నిలబడి నేనూ తినేదాన్ని. ఆమె వద్దనలేదు. నాకోసం జరిగి చోటూ ఇవ్వలేదు.